ఛాతీ మీది పీత

లేజరు వైద్యానికి అనుమతి వచ్చిందన్న కబురు దెయనీరాకు చేపలు వేయిస్తుండగా తెలిసింది. కూతురు యిర్లేసా ఫోను పట్టుకుని భోజనాల అంగడి వెనక ఉన్న వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇచ్చేశారు! ఇన్సూరెన్సు వాళ్లు లేజరుకి సరేనన్నారు!"

దెయనీరా మూకుట్లో చేపను తిరగేసి, రెండోవైపు ఎర్రబడేదాకా చూసి, అప్పుడు తలెత్తింది.

"ఎప్పటిలోగా?" అంది.

"ఈ నెలాఖరుకి మెదెయిన్ నగరం వెళ్లి చేయించుకోవాలిట. లేకపోతే రద్దయిపోతుందిట. మళ్లీ మొదట్నుంచీ దరఖాస్తులూ, లైన్లూ."

"ఆ అరటికాయ ముక్కలు ఇలా అందుకో," అంది దెయనీరా.

బయట వాన పడుతోంది. క్విబ్దోలో వాన పడటం ఎవరూ చెప్పుకునే సంగతి కాదు. అత్రాతో అనే నది మీద పడవలు నడిపేవాళ్లు, బడి పంతుళ్లు తడిసిన బూట్లతోనే లోపలికొచ్చి బల్లల ముందు కూర్చున్నారు. వాళ్లకు వేయించిన చేప, అరటికాయ, జున్ను ముక్క పెట్టి పంపేసరికి పదకొండయింది. అప్పటిదాకా ఆమె లేజరు గురించి మళ్లీ మాట ఎత్తలేదు. యిర్లేసా ముఖం చిన్నబుచ్చుకుని కాలేజీకి వెళ్లిపోయింది.

ఆరేళ్ల కింద ఇదే మూకుట్లోంచి నూనె చుక్క ఒకటి ఎగిరి దెయనీరా ఛాతీ మధ్యలో పడింది. చిటికెనవేలి గోరంత బొబ్బ. ఇంకెవరికైనా అయితే వారంలో మానిపోయి, నెలకి మరుగున పడిపోయేది. కానీ వాళ్ల వంశంలో చర్మానికి మరిచిపోవడం తెలియదు. బొబ్బ మానింది, మానిన చోట కండ లేచింది, లేచిన కండ ఆగలేదు. నాలుగువైపులా కాళ్లు చాపుకుని, గట్టిపడి, నున్నగా మెరుస్తూ, చూసినవాళ్లంతా పీత అనేలా తయారైంది. డాక్టరు దానికి కెలాయిడ్ అని పేరు చెప్పాడు. పేరు తెలిసినంత మాత్రాన దురద తగ్గలేదు. వంట చేసేటప్పుడు ఆప్రాను తాడు ఒరుసుకుంటే మంట. ఉక్కపోస్తే దురద. పక్క మీద వాలితే లోపలెవరో నిప్పు రాజేస్తున్నట్టుండి నిద్ర పట్టేది కాదు.

మెదెయిన్ నుంచి నెలకోసారి చర్మం డాక్టరు వచ్చి వెళ్తాడు. మూడేళ్లుగా ఆయన దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకుంటోంది. ఆ సూది మామూలు సూది కాదు. పచ్చి జామకాయలోకి గుచ్చినట్టు, గట్టి కండలోకి బలంగా దించి, అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క వదులుతాడు. సూది పడ్డాక రెండురోజులు ఆమె అన్నం గిన్నె కూడా ఎత్తలేకపోతుంది. అయినా గుణం కనిపించింది. దురద చాలావరకు పోయింది. పీత వీపు కుంగింది. కాకపోతే దాని చుట్టూ చర్మం రంగు వెలిసిపోయి, నల్లటి ఒంటి మీద పాలు ఒలికినట్టు మచ్చ పడింది. కాళ్లు మటుకు అలాగే ఉన్నాయి. "ఇంకెన్నాళ్లు డాక్టరుగారూ?" అని ప్రతిసారీ అడుగుతుంది. "చూద్దాం" అంటాడాయన. ఆ ఒక్క మాటకే ఆమె ప్రాణం విసిగిపోయింది.

లేజరు కావాలని రెండేళ్లుగా అడుగుతోంది అందుకే. లేజరంటే ఒక్కసారి వెళ్లడం, పడుకోవడం, లేవడం, అయిపోవడం అని ఆమె అనుకుంది. అందంగా కనబడాలన్న కోరిక ఆమెకు ఎప్పుడో పోయింది. ఈ వ్యవహారం ఇంక అయిపోవాలి, అంతే.

అలాంటిది, తీరా అనుమతి వచ్చేసరికి మర్లేనీ చెవి కళ్లముందు మెదిలింది.

మర్లేనీ ఆమె పెద్దమ్మ కూతురు, వయసులో పదేళ్లు చిన్నది. అదే రక్తం, అదే చర్మం. చెవి కుట్టిన చోట రేగుపండంత గడ్డ లేస్తే, కిందటేడు జూలైలో మెదెయిన్ వెళ్లి లేజరుతో తీయించుకుని వచ్చింది. వచ్చిన రోజున వీధంతా కదిలొచ్చి ఆ చెవి చూసింది. కొత్తగా వేసిన గచ్చులా సాపుగా ఉంది. క్రిస్మస్ నాటికి ఆ గడ్డ మళ్లీ లేచింది. ఇప్పుడది ఉసిరికాయంత ఉంది. దాని పైన ఇంకొకటి, బఠాణీ గింజంత, కొత్తగా వస్తోంది.

సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చాక నది వైపు వసారాలో ముగ్గురూ కూర్చున్నారు. ముగ్గురంటే దెయనీరా, మర్లేనీ, వాళ్లిద్దరికీ పిన్ని అయిన ప్రాక్సెదిస్. పిన్నికి డెబ్బై దాటాయి. ఒళ్లో గిన్నె పెట్టుకుని బొరొహో పండు గుజ్జు పిసుకుతోంది. రసం చేసి అమ్ముతుంది.

"ఏదీ, చూపించు," అంది మర్లేనీ. దెయనీరా జాకెట్టు గుండీ ఒకటి తీసింది. మర్లేనీ బట్టల కొట్లో నేత చూసినట్టు వేలితో తడిమి, "పోయినసారి కంటే మెత్తబడిందక్కా. కానీ తెలుపు పెరిగింది," అంది.

"నీదో?"

మర్లేనీ చెవి మీద కప్పుకున్న జడపాయల్ని పక్కకు తీసి, వెంటనే మళ్లీ కప్పేసుకుంది. "నాదేం చూస్తావులే."

"లేజరూ వద్దు, గీజరూ వద్దు," అంది ప్రాక్సెదిస్. "ఈ పిల్ల చెవి కళ్లెదురుగా లేదూ? లైటు పెట్టి కాల్చారు. తోటకూర మొదలు కోస్తే మళ్లీ రెండు లేచినట్టు లేచాయి. ఆ కొండదారిలో పేగులు కక్కుకుంటూ పోయి, ఇది తెచ్చుకోవడానికా?"

"డాక్టర్ని అడిగి చూస్తాను పిన్నీ."

"డాక్టరుకేం తెలుసే! నీది బొడ్డులో ఉంది. నువ్వు పుట్టినప్పుడు గట్టిగా బతకాలని మీ అమ్మమ్మ నీ బొడ్డులో ఇనుములాంటి గువాయకాన్ చెక్క పొడి అద్దింది. నేను వద్దన్నాను. ఇప్పుడు చూడు, ఒంటి మీద కొయ్యముడులు లేస్తున్నాయి."

"మర్లేనీ బొడ్డులో నువ్వు బంగారు పొడి అద్దావుగా. దానికెందుకు లేచినట్టు?"

"అదంతా లేజరు పుణ్యం."

"లేజరుకి ముందే లేచింది పిన్నీ. లేచిందనేగా లేజరుకి వెళ్లింది!"

"అబ్బబ్బ, చేపలు వేయించేదానికి ఇంత నోరెందుకో," అని పిన్ని గిన్నె మోకాళ్ల మధ్య సర్దుకుంది.

మర్లేనీ నవ్వలేదు. నది వైపు చూస్తూ, "నొప్పంటావా, నీ సూదంత నొప్పి ఉండదక్కా," అంది. "మత్తిస్తారు. వెంట్రుక కాలిన వాసనొస్తుంది, అంతే." ఇంకేదో అనబోయి ఊరుకుంది.

చర్మం డాక్టరు అర్బెలాయెస్ మర్నాడు ఊళ్లోకి వచ్చాడు. పలచటి మనిషి. ఎప్పుడూ కొండదారి బస్సు దిగి తిన్నగా వచ్చినట్టే ఉంటాడు. దెయనీరా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె సంగతి చెప్పి, సూటిగా అడిగింది.

"రెంటిలో ఏది మంచిది డాక్టరుగారూ?"

"ఒకదాని బదులు ఇంకొకటి అనుకోకండి దెయనీరా గారూ. రెండూ చేసే పని వేరు," అన్నాడాయన. "ఇంజెక్షను కండని లోపల్నుంచి కరిగిస్తుంది, దురద తగ్గిస్తుంది. అది మీరు చూశారు. చర్మం పలచబడి రంగు పోతుంది. అదీ చూశారు. లేజరు పైకి లేచినదాన్ని చదును చేస్తుంది, బిగుతు తగ్గిస్తుంది. మీలాంటి నల్లటి చర్మానికి వేడి ఎంత పెట్టాలో చేయి తిరిగినవాళ్లే చూసుకుని చేయాలి. ఎక్కువైతే అక్కడా మచ్చలు పడతాయి. మెదెయిన్‌లో మంచివాళ్లే ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, లేజరు చేశాక ఇప్పటికంటే చదునుగానే ఉంటుంది."

"లేజరు చేయించుకుంటే ఇంక ఈ సూదులు మానేయొచ్చుగా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడంలోనే ఆమెకు జవాబు దొరికింది.

"మానకూడదమ్మా. ఒట్టి లేజరు చేసి వదిలేస్తే చాలామందికి తిరిగొస్తుంది. అందుకని లేజరు అయిన రోజే మొదటి ఇంజెక్షను అక్కడ వేస్తారు. ఆ తర్వాత నెలనెలా ఇక్కడ, నా దగ్గరే. రెండూ కలిస్తేనే నిలబడుతుంది. కొన్ని వారాలు పొయ్యి సెగ తగలకూడదు, ఎండ తగలకూడదు. ఆ ఆప్రాను తాడు అసలే వద్దు."

"ఎన్నాళ్లు, ఆ సూదులు?"

"చూద్దాం."

దెయనీరా నెమ్మదిగా అంది: "మా చెల్లెలు చెవికి చేయించుకుంది. దానికి సూదుల మాట ఎవరూ చెప్పలేదే?"

"చెప్పకుండా ఎవరూ పంపరు. చెవికైతే నొక్కి ఉంచడానికి ఒక క్లిప్పు కూడా ఇస్తారు. మళ్లీ చెవి కుట్టించుకోవద్దని మరీమరీ చెబుతారు." ఆయన గడియారం చూసుకున్నాడు. బయట ఇంకా జనం ఉన్నారు. "రేపు మధ్యాహ్నం దాకా ఊళ్లోనే ఉంటాను. మెదెయిన్ వెళ్తానంటే ఇప్పుడు ఇంజెక్షను వేయను. వెళ్లనంటే రేపు పొద్దున్నే రండి, వేస్తాను. ఆలోచించుకోండి."

ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా మర్లేనీ జడలు అల్లే కొట్టుకి వెళ్లింది. కుర్చీలో ప్రాక్సెదిస్ పిన్నే కూర్చుని ఉంది. తల ఒకవైపు జడలు అల్లడం అయింది, రెండోవైపు తెల్లటి జుట్టు గాలికి పొంగినట్టు నిలబడి ఉంది.

"మర్లేనీ, లేజరు తర్వాత నిన్ను సూదులు వేయించుకోమన్నారా?"

మర్లేనీ వేళ్లు ఆగిపోయాయి.

"అలా లాగి పట్టుకోకే, నెత్తి ఊడొస్తోంది," అంది పిన్ని.

"అన్నారక్కా," అంది మర్లేనీ.

"క్లిప్పు ఇచ్చారా?"

"ఆ సొరుగులో ఉంది."

"చెవి కుట్టించుకోవద్దని చెప్పారా?"

మర్లేనీ అద్దంలో పిన్ని ముఖంలోకి చూసింది. పిన్ని కూడా అద్దంలోంచే చూస్తోంది.

"ఏమిటే ఆ చూపు? నన్నెందుకు చూస్తావు?"

"నువ్వు కుట్టావు గనక పిన్నీ," అంది మర్లేనీ. అప్పటిదాకా బిగబట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. "లేజరు అయ్యాక వచ్చిన శాన్ పాచో పండగలో మన పేట ఊరేగింపు రోజుకి నీ కమ్మలు పెట్టుకోవాలన్నావు. బొడ్డులో బంగారం అద్దిన పిల్ల చెవికి బంగారం లేకుండా ఊరేగింపులో కాలు కదిపితే బంగారం మొహం చాటేస్తుందని నా చిన్నప్పట్నుంచీ చెప్పిందెవరు? పైగా నువ్వు చర్చిలో నన్నెత్తుకున్న జ్ఞానతల్లివి. నువ్వు పెట్టిన కమ్మలు లేకుండా నడిస్తే, 'ఏమే, ముసల్దానితో చెడిందా?' అని పేటపేటంతా అడగరూ? నువ్వు సూదీ దారం పట్టుకుని వచ్చేశావు. నేను కూర్చున్నాను."

"పాత చోట కుట్టానా? పైన, కొత్త చోట కుట్టాను!" అని పిన్ని కుర్చీలోనే వెనక్కి తిరిగింది. "సూది కాల్చాను, దారం చెరకు సారాలో ముంచాను. నా చేత్తో ఎంతమంది ఆడపిల్లల చెవులు కుట్టాను! డాక్టరు వద్దన్నాడని నాతో ఒక్క ముక్క ఎందుకనలేదే?"

"అంటే వినేదానివా?"

ప్రాక్సెదిస్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "వినేదాన్ని కాదు," అంది చివరికి.

"మరి సూదులకెందుకు వెళ్లలేదు?" అంది దెయనీరా.

"నువ్వు ఆ గదిలోంచి ఎలా బయటికొస్తావో నేను చూడలేదా అక్కా? గోడ పట్టుకుని వస్తావు. చెవి సాపుగానే ఉంది కదా, ఈ నెల వద్దులే అనుకున్నాను. తర్వాతి నెలా అలాగే అనుకున్నాను."

"లేజరు పనికిరాదని ఊరంతా చెప్పావు మరి."

"నేను ఎవరితోనూ అనలేదు. వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదు."

ఆ మాటకు కోపం రావాలి. దెయనీరాకు రాలేదు. కాళ్లు పీకుతున్నాయని మాత్రం తెలిసింది. బల్ల మీద దువ్వెనలు పక్కకు జరిపి కూర్చుంది.

పిన్ని మాత్రం అప్పుడే కొత్త దారి పట్టింది. "అయితే లేజరు మంచిదేనన్నమాట! ఇంకేం, రేపే బయల్దేరు. అంగడి నేను చూసుకుంటాను."

"నువ్వు చేపలు మాడుస్తావు పిన్నీ."

"మాడిస్తే మాడినవి తింటారు. నీ ఒళ్లు ముఖ్యం."

చీకటి పడేలోపే ఈ సంగతి పేటంతా పాకింది. నిన్నటిదాకా వెళ్లొద్దన్నవాళ్లే ఇవాళ గుమ్మంలోకొచ్చి ఏ బస్సు మంచిదో చెప్పి పోయారు. యిర్లేసా మంచం మీద సంచీ తెరిచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. కొండల మీద చలేస్తుందని ఎవరింట్లోనో స్వెట్టరు కూడా అడిగి తెచ్చింది.

దెయనీరా ఆ స్వెట్టరు చూస్తూ నిలబడింది. రెండేళ్లుగా మనసులో ఒక చోటు ఉంచుకుంది. అక్కడికి చేరితే ఇంక నడవక్కర్లేదని. ఇప్పుడు తెలిసింది, అక్కడికెళ్లినా దారి తిరిగి ఇదే గదికి, ఇదే సూదికి వస్తుందని. లేజరు మంచిదే. చదును చేస్తుంది. మర్లేనీలా చెవి మీదో, బుగ్గ మీదో ఉండి ఉంటే, రోజూ నలుగురి కళ్లూ అక్కడే వాలుతుంటే, ఆమె స్వెట్టరు తొడుక్కుని వెళ్లేదే. తనది ఆప్రాను కింద ఉంది. దురద పోయింది, నిద్ర పడుతోంది. అది తెచ్చిందీ సూదే, ఇకపై నిలబెట్టేదీ సూదే. మధ్యలో ఆ కొండలు, కాలిన చర్మం, పొయ్యి వెలగని వారాలు. ఎందుకు? కొంచెం ఎత్తు తగ్గడానికి.

"బట్టలు తీసెయ్యి," అంది.

యిర్లేసా అర్థంకాక చూసింది.

"నేను వెళ్లడం లేదు."

"అమ్మా! రెండేళ్లు తిరిగాను నేను! క్లాసులు మానుకుని ఆ లైన్లలో నిలబడ్డాను. ఆ కిటికీ దగ్గర ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచేంతగా తిరిగాను."

"తెలుసు."

"ఇప్పుడు కాదంటే మళ్లీ ఇవ్వరు."

"అదీ తెలుసు."

"నీకు తగ్గక్కర్లేదా మరి?"

"తగ్గాలి. అయిపోవాలనుకున్నాను, అందుకే నిన్ను తిప్పాను. అయిపోదుట, యిర్లేసా. లేజరు చేసినా సూది తప్పదుట. ఎటూ అయిపోనిదాన్ని ఇక్కడే, మన వీధి చివరి క్లినిక్కులోనే మోస్తాను."

యిర్లేసా స్వెట్టరు మడత విప్పి మళ్లీ మడిచింది. కళ్లనిండా నీళ్లున్నాయి. "నాకు ముందే చెప్పొచ్చుగా," అంది.

"నాకే ఇవాళ తెలిసింది," అని దెయనీరా కూతురి పక్కన కూర్చుని సంచీలోంచి బట్టలు తనే ఒక్కొక్కటీ తీసి పెట్టసాగింది. కాసేపటికి యిర్లేసా కూడా చేయి వేసింది.

పొద్దున్నే క్లినిక్కు వెళ్లేసరికి వరసలో మర్లేనీ ముందే నిలబడి ఉంది. జడలన్నీ పైకెత్తి ముడేసుకుంది. ఉసిరికాయంత గడ్డా, దాని మీది బఠాణీ గింజా బహిరంగంగా కనిపిస్తున్నాయి. పక్కనున్న ఆడవాళ్లు చూసీ చూడనట్టు చూస్తున్నారు.

"నువ్వేమిటిక్కడ?"

"మొదలుపెడదామని," అంది మర్లేనీ నేలచూపులతో. "నిన్న రాత్రే డాక్టరుతో మాట్లాడాను. ముందు కొన్నాళ్లు సూదులేనట. కాస్త మెత్తబడ్డాక కావాలంటే లేజరుట. ఆ తర్వాత మళ్లీ సూదులుట. నువ్వు లోపలికి వస్తావా అక్కా, నాతో?"

ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లారు. దెయనీరా తన నిర్ణయం చెప్పింది. డాక్టరు ఎందుకని అడగలేదు, ఒప్పించాలనీ చూడలేదు. "ఇది కూడా వైద్యమే దెయనీరా గారూ," అని మాత్రం అని, చేతులు కడుక్కున్నాడు.

ముందు మర్లేనీ పడుకుంది. సూది దిగగానే పెట్టిన కేకకి బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు తలుపు తోసుకుని తొంగిచూశారు. దెయనీరా చేతిని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తిమ్మిరెక్కాయి.

"అయిపోయిందా?"

"ఇంకో రెండుచోట్ల," అన్నాడు డాక్టరు.

"అమ్మో! మూడేళ్లుగా నెలనెలా ఇదేనా అక్కా? ఒక్కసారైనా నోరెత్తలేదేం?"

"ఎత్తితే తగ్గుతుందా? తల కదపకు. ఆయన చేయి జారితే చెవిలోకి పోతుంది."

"నవ్వించకు, నొప్పెడుతోంది!"

మర్లేనీ లేచి చెవి పట్టుకుని మూలన నిలబడ్డాక దెయనీరా జాకెట్టు గుండీలు విప్పి బల్ల మీద వాలింది. వీపు కింద రెక్సిను చల్లగా తగిలింది. డాక్టరు వేలితో గట్టి చోట్లు వెతుకుతున్నాడు. పెంకుల మీద మళ్లీ వాన మొదలైంది.

"నీ కోసం ఆగుతానక్కా," అంది మర్లేనీ. "ఇవాళ నువ్వేం ఎత్తలేవుగా."

"ఇక్కడ ఆగి ఏం చేస్తావు? పడవలవాళ్లు ఈపాటికి వచ్చి ఉంటారు. యిర్లేసా ఒక్కత్తే ఉంది. నువ్వెళ్లి పొయ్యి వెలిగించి, అన్నం గిన్నె ఎక్కించు. పిన్ని చేపల దగ్గరకు రాకుండా చూడు."

మర్లేనీ గొడుగు తీసుకుంది. డాక్టరు సూది పైకెత్తి గాలి బుడగ తీసేశాడు. దెయనీరా కళ్లు మూసుకుని, దవడ బిగించి, గోడ వైపు ముఖం తిప్పుకుంది.